నాలుగో బెంచి పచ్చ వైరు

ఆగస్టు 4

పన్నెండు స్కోపులు వచ్చాయి, కరెంటు సంకేతాన్ని తెర మీద గీతగా చూపించేవి. ఒక్కొక్కటి పెట్టెలోంచి తీసి, ప్లగ్ పెట్టి, తెర వెలిగాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టాను. లారీతో వచ్చిన మనిషి విసుక్కున్నాడు. "సంతకం పెట్టేసి తర్వాత చూసుకోండి మేడం, అందరూ అట్లే చేస్తారు" అన్నాడు. చేయనీ. నేను చూడకుండా సంతకం పెట్టను.

మూడేళ్లుగా మా బయోమెడికల్ పిల్లలు ప్రాజెక్టుల కోసం ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంట్ వాకిట్లో నిలబడేవాళ్లు. వాళ్ల ల్యాబు ఖాళీగా ఉంటే లోపలికి, లేకపోతే మెట్ల మీద. ఇప్పుడు పాత డ్రాయింగ్ హాలు మాకిచ్చారు. బెంచీలు నేను చెప్పిన ఎత్తుకే చేయించారు. చిప్పులు, బ్యాటరీలు, చర్మానికి అతికించే ఎలక్ట్రోడ్లు, అన్నిటి జాబితా నేనే రాశాను. మా హెడ్డు వరదరాజులు సార్ ఒక్క గీత కూడా కొట్టేయలేదు. కోరినవాటిలో రానివి ఐసోలేషన్ మాడ్యూళ్లు మాత్రమే. మనిషి ఒంటికి అతికించిన సర్క్యూట్‌కీ, గోడ కరెంటుతో నడిచే స్కోపుకీ మధ్య అడ్డుగా పెట్టే చిన్న డబ్బాలు అవి. అక్టోబరులో వస్తాయట. నా ప్రొబేషను ముగిసేదీ అక్టోబరులోనే.

రాత్రి అన్నం తింటూ నాయన అడిగాడు.

"ఆ గదంతా నీదేనామ్మా?"

"నాది కాదు నాయనా. నా బాధ్యత."

"రెండూ ఒకటే గదా."

నాయన అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో రేకులు ఒత్తే ప్రెస్సు మిషను మీద ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. ఆ మిషను ఆయనది కాదు. అయినా 'నా మిషను' అంటాడు.

ఈ పుస్తకాన్ని బల్ల మీదే వదిలేస్తాను. ఇంట్లో చదవడం వచ్చినది నాకొక్కదానికే.

ఆగస్టు 8

ఎలక్ట్రీషియన్ ఆంటోతో కలిసి బోర్డులన్నీ పరీక్షించాను. ప్రతి బెంచి కింద ఆరు సాకెట్ల బోర్డు ఒకటి. ప్రతి దాంట్లో పచ్చ వైరు, అదే ఎర్త్, నిజంగా భూమిదాకా పోతోందా అని మీటరు పెట్టి చూశాం. పన్నెండూ బాగున్నాయి.

గోడ మీద అంటించడానికి నియమాలు రాశాను. ఒకటి, ఒంటికి అతికించిన సర్క్యూట్ బ్యాటరీ మీదే నడవాలి. రెండు, బయటి నుంచి ఏ పరికరమూ తేకూడదు. మూడు, ఎర్త్ వైరు ముట్టుకోకూడదు. ఎందుకని పిల్లలు అడిగితే చెప్పడానికి ఇలా రాసుకున్నాను: పరికరంలో తప్పు జరిగితే కరెంటు పచ్చ వైరు గుండా భూమిలోకి పోతుంది, ఆ క్షణమే మెయిన్ ట్రిప్ అయి కరెంటు ఆగిపోతుంది. పచ్చ వైరు లేకపోతే కరెంటు పరికరం మీదే కూర్చుని మనిషి కోసం ఎదురు చూస్తుంది.

చివరి వాక్యం బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

ఆగస్టు 13

ఫైనలియర్ వాళ్లు బెంచీలు పంచుకున్నారు. నాలుగో బెంచి కేశవ్‌కి, అక్షయకి. పక్షవాతం వచ్చి పిడికిలి విప్పలేని వాళ్ల కోసం ఒక గ్లోవ్ చేస్తారట. ముంజేతి కండరం బిగించగానే పుట్టే సన్నటి సంకేతాన్ని పట్టుకుని, పెద్దది చేసి, దానితో గ్లోవ్ తెరిపించాలి. అక్షయ వాళ్ల అవ్వ చెయ్యి రెండేళ్లుగా మూసుకునే ఉంది. లోపల గోళ్లు తీయడానికే ఇద్దరు పట్టుకోవాలట.

కేశవ్‌ది ఒంగోలు. అక్షయ వాళ్లు చింతాద్రిపేటలో నాలుగు తరాలుగా ఉన్న తెలుగువాళ్లు. ఆ పిల్లకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మాట్లాడేదీ సగం తమిళమే.

"నీ తెలుగుకి సబ్‌టైటిల్స్ కావాలి" అన్నాడు కేశవ్.

"నీ సర్క్యూట్‌కే కావాలి ముందు. ఆడ ఏం వస్తా ఉందో ఎవురికీ అర్థం కాలే" అంది అక్షయ.

ఆ మాట నిజం. తెర మీద కండరం కనబడటం లేదు. గోడ కరెంటు హోరే కనబడుతోంది, మందంగా, గొంగళిపురుగులా.

ఆగస్టు 19

ఎల్లుండి తనిఖీ కమిటీ వస్తోంది. ల్యాబు చూస్తారు, నాలుగో బెంచి ప్రాజెక్టు చూస్తారు. సార్ అదే ఎంచుకున్నారు. అవ్వ కథ ఆయనకి నచ్చింది.

వైర్లు దగ్గరికి మెలేశాం. ఎలక్ట్రోడ్లు మార్చాం. లాప్‌టాప్ దూరంగా పెట్టాం. హోరు కొంచెం తగ్గింది, పోలేదు.

సాయంత్రం సార్ వచ్చి తెర ముందు నిలబడ్డారు.

"ఏమ్మా వసంతా, చెయ్యి బిగిస్తే గీత లేస్తాది అంటివే. ఇది చుమ్మా ఊరికే ఉండేటప్పుడే ఆడతా ఉండాది?"

"ఐసోలేషన్ మాడ్యూళ్లు వస్తే పోతుంది సార్."

"అవి అక్టోబర్‌లో గదా వచ్చేది. కమిటీని అక్టోబర్‌దాకా కూర్చోబెట్టి కాఫీ ఇస్తామా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన వెళ్లాక ఆంటో నిచ్చెన మడుస్తూ తమిళంలో అన్నాడు: "ఆ బోర్డు ఎర్త్ తీసేస్తే క్లియర్ అవుతుంది మేడం. పాత ల్యాబుల్లో అందరూ చేసేదే." తర్వాత గోడ మీది నా కాగితం వైపు చూసి, "నేను చెప్పలేదు" అన్నాడు.

ఆగస్టు 20

తీశాను.

పిల్లల్ని లంచ్‌కి పంపి, నాలుగో బెంచి కింద దూరి, బోర్డు నాలుగు స్క్రూలు విప్పి, పచ్చ వైరు ఊడదీసి, కొనకి టేపు చుట్టాను. రెండు నిమిషాల పని. మధ్యాహ్నం అక్షయ చెయ్యి బిగిస్తే తెర మీద గీత లేచింది, విప్పితే పడుకుంది. అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. కేశవ్ ఈల వేశాడు.

"ఏం చేశారు మేడం?"

"కనెక్షన్ లూజుగా ఉంది. సరిచేశాను."

ఒక్క రోజుకే. రేపు కమిటీ వెళ్లగానే కలిపేస్తాను. అక్షయ సర్క్యూట్ ఎలాగూ బ్యాటరీ మీదే ఉంది. బోర్డుకి ఉన్నవన్నీ కొత్త పరికరాలు, నేను చూసి తీసుకున్నవి. వాటిలో తప్పు ఉండే అవకాశం లేదు.

ఆగస్టు 21

కమిటీ చైర్మన్ గారు ఎలక్ట్రోడ్లు తన చేతికే పెట్టమన్నారు! పిడికిలి బిగించి గీత లేస్తే చిన్నపిల్లాడిలా మూడుసార్లు చేశారు. "హూ సెటప్ దిస్ ల్యాబ్?" అన్నారు. సార్ నన్ను ముందుకి తోశారు.

వాళ్లు కార్లెక్కేసరికి ఐదున్నర. సార్ అందరికీ సమోసాలు తెప్పించారు. "నీ కన్ఫర్మేషన్ కాగితం ఈ వారమే పైకి పంపిస్తా" అన్నారు. అమ్మకి చెప్తే చెప్పిన మాటే మళ్లీ చెప్పించుకుంది.

ఆయన చేతికి పెట్టినప్పుడు మాత్రం నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఎందుకో.

ఆగస్టు 22

బోర్డు కలపాలి. సోమవారం.

ఆగస్టు 25

రోజంతా స్టాకు పుస్తకం. నాలుగో బెంచి దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు. వాళ్ల ముందు బోర్డు విప్పితే ఎందుకని అడుగుతారు. రేపు.

ఆగస్టు 29

మిగతా బ్యాచ్‌లు కూడా నాలుగో బెంచే కావాలంటున్నాయి. అక్కడైతే హోరు ఉండదు. 'రాశైన బెంచి', అంటే అదృష్టం బెంచి, అని పేరు పెట్టారు. కేశవ్ దాని అంచుకి పసుపు పూసి బొట్టు పెట్టాడు.

"అద్దెకిస్తాం మేడం. గంటకి రెండు బజ్జీలు."

"నా పేరు వాడితే మూడు" అన్నాను.

కలిపేస్తే హోరు తిరిగొస్తుంది. మాడ్యూళ్లు వచ్చేదాకా పిల్లల పని ఆగిపోతుంది. ఆ వైపు నుంచి కూడా ఆలోచించాలి. కాకపోతే ఒక చిన్న హెచ్చరిక కాగితం అంటించవచ్చు. ఏమని రాయాలో తోచలేదు.

సెప్టెంబరు 2

అక్షయ పడిపోయింది. బతికే ఉంది. బతికే ఉంది.

సెప్టెంబరు 3

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. గుండె బాగానే కొట్టుకుంటోందట. స్టూలు మీద నుంచి పడటంలో ఎడమ మణికట్టు విరిగింది, కనుబొమ మీద నాలుగు కుట్లు. ఎలక్ట్రోడ్ పెట్టిన చోట చిన్న కాలిన మచ్చ.

జరిగింది ఇది. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఒక వైరు ఊడింది. వైర్లు అతికించే మా సోల్డరింగ్ ఐరన్లన్నీ వేరే బ్యాచ్ దగ్గర ఉన్నాయి. కేశవ్ హాస్టల్ నుంచి తన ఐరన్ తెచ్చాడు. నాలుగో బెంచి బోర్డుకే పెట్టాడు. దాని లోపల తీగ తెగి బాడీకి ఆనుకుని ఉంది. వాడికి తెలియదు. ప్లాస్టిక్ పిడి పట్టుకుని ఐదు నిమిషాలు పని చేశాడు, ఏమీ కాలేదు. తర్వాత అక్షయ ఎలక్ట్రోడ్లు పెట్టుకుని, రెండో చేత్తో పక్క బెంచి మీది పవర్ సప్లై నాబ్ తిప్పబోయింది. దాని ఇనప బాడీ తగిలింది. నేను గది ఆ చివర ఉన్నాను. కేక వినబడలేదు. స్టూలు పడ్డ చప్పుడు, మెయిన్ ట్రిప్ అయిన చప్పుడు, రెండూ ఒకేసారి.

ట్రిప్ అవడం వల్లే బతికింది అన్నాడు డాక్టరు.

ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుంది. "గీత బాగా వస్తా ఉండె మేడం" అంది.

బయటి పరికరం తేకూడదని గోడ మీద రాసి ఉంది. రెండో నియమం. స్పష్టంగా రాసి ఉంది.

నాలుగో బెంచి బోర్డు చూశాను. ఇప్పుడు అంతా సరిగానే ఉంది.

సెప్టెంబరు 4

రేపు సెలవని టీచర్స్ డే ఇవాళే చేశారు. నాకొక రోజా పువ్వు, ఒక పెన్ను. అందరూ వెళ్లాక కేశవ్ ఉండిపోయాడు. రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేడు.

"మేడం, నావల్ల మీకు మాటొచ్చింది. సారీ మేడం."

"ముందు అక్షయ సంగతి చూసుకో" అన్నాను.

"చంపేసేవాణ్ణి మేడం నేను. మీరు గోడ మీద రాసి మరీ పెట్టారు." ఏడ్చాడు. వంగి నా కాళ్లు ముట్టుకోబోయాడు. వెనక్కి జరిగాను.

పెన్ను బాగా రాస్తోంది.

సెప్టెంబరు 6

రాయకపోతే ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు అంబులెన్సు వెళ్లింది. సార్, కేశవ్ దానితో వెళ్లారు. పిల్లలందర్నీ బయటికి పంపి తలుపు వేశాను. బెంచి కింద దూరాను. నేల మీద అక్షయ చెప్పు ఒకటి ఉంది, దాన్ని పక్కకి జరిపాను. స్క్రూలు విప్పాను, టేపు తీశాను, పచ్చ వైరు మళ్లీ కలిపాను. నా చేతులు వణకలేదు. అదే నాకు అర్థం కావడం లేదు. పని అయ్యాక మీటరు పెట్టి పరీక్షించాను కూడా. బాగా కలిసింది.

ఆ తర్వాతే ఆసుపత్రికి వెళ్లాను.

ఇవాళ ఈ పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. అయినా పెట్టాను.

సెప్టెంబరు 9

ఆంటో వచ్చాడు. విచారణ ఉంది కాబట్టి అన్ని బోర్డులూ మళ్లీ చూడమన్నారట. నాలుగో బెంచి దగ్గర చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

"ఎర్త్ బాగుంది మేడం."

"అవును."

"నాకొకటి అర్థం కాలేదు. ఐరన్ బాడీకి కరెంటు వచ్చింది. ఎర్త్ ఉంది. అట్లయితే ఆ పిల్లాడు స్విచ్ వేసిన క్షణమే ట్రిప్ అవ్వాలి కదా? ఐదు నిమిషాలు ఎందుకాగింది? అమ్మాయి ముట్టుకున్నాకే ఎందుకు ట్రిప్ అయింది?"

నేను తెర తుడుస్తూ ఉన్నాను. ఆంటో బోర్డు వైపు వంగాడు. తర్వాత స్క్రూ తలలు వేలితో తడిమి చూపించాడు. కొత్త గీతలు.

"ఆ రోజు నేను నోరు జారకుండా ఉండాల్సింది" అని వెళ్లిపోయాడు.

ఆంటో చెప్పినందువల్ల చేసిన పని కాదు అది. ఆంటో చెప్పకపోయినా ఆ ఉపాయం నాకు తెలుసు.

సెప్టెంబరు 10

సార్ పిలిచారు. బల్ల మీద రెండు పేజీల రిపోర్టు. 'విద్యార్థి నిబంధనలు ఉల్లంఘించి, లోపమున్న పరికరాన్ని తెచ్చినందువల్ల' అని ఉంది. 'ల్యాబులోని విద్యుత్ ఏర్పాట్లన్నీ సక్రమంగా ఉన్నాయి' అని ఉంది. కింద నా పేరు, సంతకానికి జాగా.

"కేశవ్‌కి ఏమవుతుంది సార్?"

"ఒక సంవత్సరం సస్పెండ్ చేస్తారు. మళ్లీ వచ్చి చదువుకుంటాడు. వయసుండాది గదా."

"క్యాంపస్ సెలెక్షన్ వచ్చింది వాడికి."

"తెలుసు."

ఫ్యాన్ కింద కాగితం ఎగరకుండా సార్ వేలు పెట్టి పట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్ చెప్తున్న మనిషి. ఆంటోకి వచ్చిన అనుమానం ఈయనకి రాకుండా ఉంటుందా?

"సార్, ఆ బోర్డు..."

"వసంతా." నా మాట పూర్తి కానివ్వలేదు. "నేను నిన్ను ఏమైనా అడిగినానా? అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే పని పెట్టుకోవద్దు. నీ కాగితం పైన ఉండాది. ఇంతదాకా వచ్చేదానికి ఎంత కష్టపడినావో నాకు తెలుసు. పదిహేనో తేదీ విచారణ. అంతలోపల సంతకం పెట్టి పంపించు."

నామీద దయతోనే అన్నారు. అదే కష్టంగా ఉంది.

సెప్టెంబరు 11

నా వైపు నుంచి చూస్తే: ఐరన్ వాడు తేకపోతే ఏమీ జరిగేది కాదు. అది నిజం.

ఎర్త్ ఉంటే, వాడు ఐరన్ తెచ్చినా ఏమీ జరిగేది కాదు. ఇదీ నిజం.

రెండు నిజాలు సమానమని రాయబోయి ఆగాను.

సెప్టెంబరు 12

చింతాద్రిపేట వెళ్లి అక్షయని చూశాను. కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. పక్క మంచం మీద అవ్వ, కుడి పిడికిలి మూసుకుని. అక్షయ వాళ్లమ్మ కాఫీ ఇచ్చి, "మీరు ఉండబట్టి సరిపోయింది మేడం, ఆ పిల్లోడే బుద్ధి లేకుండా చేసినాడు" అంది.

"అమ్మా, వాణ్ణి ఏమీ అనొద్దు. నేనే గదా తొందరపెట్టింది" అంది అక్షయ.

కాఫీ తాగలేకపోయాను. వేడిగా ఉందని చెప్పాను.

ఇంటికి వచ్చాక నాయనకి సంగతి చెప్పాను. అంతా కాదు. పిల్లోడు ఐరన్ తెచ్చాడని, నియమం తప్పాడని, సస్పెండ్ చేస్తారని.

నాయన ముద్ద కలపడం ఆపాడు. తర్వాత అడిగాడు.

"రూలు తప్పితే మిషను ఆగల్ల గదా?"

"అంటే?"

"మా ప్రెస్సుకి రెండు బటన్లు ఉండాయి గదా. రెండు చేతులతో రెండూ ఒత్తితేనే దిగుతాది. ఎందుకు పెట్టినారు? మనిషి తప్పు చేస్తాడనే గదా. నిద్ర మబ్బులో ఒక చెయ్యి లోపల పెట్టినా మిషను దిగకూడదు. ఆ పిల్లోడు తప్పు చేసినాడు, సరే. అప్పుడు ఆపేదానికి ఏదో ఒకటి ఉండల్ల గదా ఆడ. అదేమాయె?"

"ఉంది నాయనా."

"ఉంటే ఎందుకాపలే?"

అమ్మ పళ్లెం తీసుకుపోతూ, "దానికి తెలియదా ఏంది, అంత చదువుకునింది" అంది.

సెప్టెంబరు 14

సంతకం పెట్టలేదు. కాదని చెప్పనూ లేదు. రేపు విచారణ.

సెప్టెంబరు 15

వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

విచారణ ల్యాబులోనే పెట్టారు. డీన్ గారు, వేరే డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకావిడ, మా సార్. ఒక పక్క కేశవ్, వాళ్ల నాన్న. ఒంగోలు నుంచి రాత్రి బండిలో వచ్చారట, చొక్కా మీద ఇంకా ముడతలు. తలుపు దగ్గర ఆంటో. బల్ల మీద కవర్లో ఆ ఐరన్.

కేశవ్‌ని అడిగారు. "నేనే తెచ్చాను సార్. తప్పు నాదే" అన్నాడు. వాళ్ల నాన్న నేల వైపు చూస్తూ నిలబడ్డారు.

డీన్ గారు నా వైపు తిరిగారు. "రిపోర్టు మీద మీ సంతకం లేదు."

సార్ నన్ను చూడలేదు. కిటికీ బయటికి చూస్తున్నారు.

నోటితో మొదలుపెడితే మధ్యలో మాట మార్చేస్తానని నాకు తెలుసు. అందుకని, "ఒక పరీక్ష చేసి చూపిస్తాను" అన్నాను. అందర్నీ బెంచికి రెండడుగుల దూరంలో నిలబెట్టాను. ఏదీ ముట్టుకోవద్దన్నాను. కవర్లోంచి ఐరన్ తీసి నాలుగో బెంచి బోర్డుకి పెట్టి, చెక్క స్కేలుతో స్విచ్ నొక్కాను. టప్పుమని మెయిన్ పడిపోయింది. ఫ్యాన్లు ఆగాయి.

"ఇవాళ ఇలా జరిగింది" అన్నాను. "ఆ రోజు ఐదు నిమిషాలు నడిచింది."

ఐరన్ తీసేసి, బెంచి కింద దూరాను. స్క్రూలు విప్పాను. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. పచ్చ వైరు తీసి, పైకి వచ్చి, మళ్లీ ఐరన్ పెట్టి, ఆంటోని మెయిన్ వేయమని, స్కేలుతో స్విచ్ నొక్కాను.

ఏమీ కాలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. స్కోపు తెర ముచ్చటగా వెలుగుతోంది. మీటరు ఒక కొన పక్క బెంచి ఎర్తుకి, ఇంకో కొన ఈ స్కోపు బాడీకి పెట్టాను. 228 వోల్టులు.

"ఐరన్ బాడీ మీది కరెంటు బోర్డు సాకెట్ల ఎర్త్ పిన్నుల గుండా స్కోపు బాడీకి వచ్చింది. అక్షయ చేతికి పెట్టిన ఎలక్ట్రోడ్ ఈ స్కోపుకే కలిసి ఉంది" అన్నాను. "ఆ రోజు బోర్డు ఇలా ఉంది. కేశవ్ తీయలేదు. కమిటీకి గీత శుభ్రంగా కనబడాలని ఆగస్టు ఇరవైన నేను తీశాను. అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లాక, ఎవరూ లేనప్పుడు, మళ్లీ కలిపింది కూడా నేనే."

ప్రొఫెసర్ ఆవిడ ముందు స్విచ్ ఆపమంది. ఆపాను.

కేశవ్ వాళ్ల నాన్న కొడుకుని అడిగారు: "ఏమంటున్నార్రా మేడం?" వాడు నన్నే చూస్తున్నాడు.

సెప్టెంబరు 16

మెట్ల దగ్గర కేశవ్ ఆపాడు.

"పద్నాలుగు రోజులు మేడం."

"అవును."

"మా అమ్మకి ఫోన్ చేసి, నేనో పిల్లని చంపబోయానని చెప్పుకున్నా. మీ దగ్గరికొచ్చి ఏడ్చా. అప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగారు. మంచివాళ్లు, పట్టించుకోరు అనుకున్నా." మెట్లు దిగి వెళ్లిపోయాడు.

చెప్పాక తేలిగ్గా ఉంటుందనుకున్నాను. లేదు.

సెప్టెంబరు 19

వాడికి హెచ్చరిక లెటరు మాత్రమే. సస్పెన్షన్ లేదు. నా ప్రొబేషను రద్దు చేశారు. నెలాఖరుకి రిలీవ్.

సార్ కాగితం ఇస్తూ, "నేను అడగలేదు గదమ్మా" అన్నారు. కోపంగా కాదు. నిజంగా అర్థం కానట్టు. ఆయన మీద కూడా విచారణ ఉంటుందట.

సెప్టెంబరు 23

ఇంట్లో చెప్పాను, ఈసారి అంతా. అమ్మ ఏడ్చింది. నాయన లుంగీ సర్దుకుని బయటికి వెళ్లి, గంట తర్వాత వచ్చాడు. "అన్నం పెట్టు" అన్నాడు అమ్మతో. పొద్దున మామూలుగానే నన్ను బస్టాపు దాకా దింపాడు, మామూలుగానే కొంగు బండి చక్రంలో పడకుండా చూసుకోమన్నాడు.

సెప్టెంబరు 26

అక్షయ కాలేజీకి వచ్చింది. వరండాలో ఎదురైంది.

"ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుంటిని గదా మేడం. అప్పుడే అడిగుంటే చెప్పేవాళ్లా?"

"లేదు" అన్నాను.

తల ఊపి క్లాసుకి వెళ్లింది. ఆ ఊపడానికి అర్థం రాయాలని చూశాను. నాకు తెలియదు.

సెప్టెంబరు 30

ఆఖరి రోజు. ల్యాబు అప్పజెప్పేముందు పన్నెండు బోర్డులూ పరీక్షించి ఇవ్వాలని నేనే అన్నాను. సరే, కానీ ఒక్కదాన్నే వద్దు, విద్యార్థుల తరఫున ఒకరు ఉండాలి అన్నారు డీన్ గారు. ఎవరొస్తారో అనుకుంటూ మీటరు, పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

కేశవ్ వచ్చాడు. గుడ్ మార్నింగ్ చెప్పలేదు. మొదటి బెంచి కింద కూర్చుని బోర్డు విప్పాడు. నేను మీటరు కొన ఆనించి అంకె చెప్పాను, రాసుకున్నాను. రెండోది. మూడోది. నాలుగో బెంచి దగ్గర వాడి చెయ్యి కాసేపు ఆగింది, మళ్లీ కదిలింది. పన్నెండూ బాగున్నాయి.

పుస్తకం మూయబోతుంటే అడిగాడు.

"మళ్లీ ఒకసారి చూద్దామా మేడం? మొదటి నుంచి?"

"అన్నీ సరిగానే వచ్చాయి కదా."

"వచ్చాయని మీరు రాశారు."

చెయ్యి చాపాడు. పుస్తకం, పెన్ను ఇచ్చేశాను. మొదటి బెంచి దగ్గరికి తిరిగి వచ్చాం. ఈసారి బోర్డులు నేను విప్పాను. మీటరు వాడే పట్టుకున్నాడు, అంకెలు వాడే చదివాడు, వాడే రాసుకున్నాడు.